జాతి అధ్యయనాల పాఠాలపై అభ్యంతరం తెలిపే విధానం

కాలిఫోర్నియా 2019లో వెలువరించిన జాతి అధ్యయనాల (అమెరికాలోని వివిధ జాతుల చరిత్ర, సంస్కృతులను బోధించే పాఠ్యాంశం) తొలి ముసాయిదా యూదు వ్యతిరేకతను దాదాపు విస్మరించి, ఇజ్రాయెల్ బహిష్కరణోద్యమాన్ని సానుకూలంగా చూపిందని యూదు సంఘాలు తీవ్ర ఆందోళన వ్యక్తం చేయగా, 2021 మార్చిలో సవరించిన నమూనా పాఠ్యప్రణాళిక ఆమోదం పొందింది. అయినా ఆ నమూనాను అనుసరించడం స్కూల్ డిస్ట్రిక్టులకు (స్థానిక ప్రభుత్వ పాఠశాలలను నడిపే సంస్థలకు) తప్పనిసరి కాదు కనుక, మీ పిల్లలకు నిజంగా బోధించబోయే పాఠాలనే ముందుగా అడిగి తీసుకోండి.

స్థానికంగా రూపొందించిన కోర్సును డిస్ట్రిక్టు బోర్డు బహిరంగ సమావేశంలో ప్రవేశపెట్టి, ప్రజాభిప్రాయం విన్న తరువాతే మరొక సమావేశంలో ఆమోదించాలని జాతి అధ్యయనాలపై కాలిఫోర్నియా చేసిన ఏబీ 101 చట్టం చెబుతోంది (రాష్ట్రం నిధులు కేటాయిస్తేనే ఈ నిబంధన అమల్లోకి వస్తుంది); ఆ రెండింటి నడుమ వ్యవధే అత్యంత కీలకం. యూదులందరినీ ఒకే గాటన కట్టే వాక్యం కనిపిస్తే, పేజీ సంఖ్యతో సహా ఉటంకించి, దాని స్థానంలో ఏముండాలో కూడా రాసి బోర్డుకు పంపండి. ఇజ్రాయెల్ ప్రభుత్వంపై విమర్శను, యూదులపై ద్వేషాన్ని స్పష్టంగా వేరుచేసి చూపినప్పుడే అభ్యంతరానికి బలం చేకూరుతుందని నా దృఢాభిప్రాయం.