టచ్‌ప్యాడ్ మార్చే ముందు బ్యాటరీని చూడండి

ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ గంట కూడా నిలవడం లేదా? కొత్త బ్యాటరీకి డబ్బు కట్టకండి, ముందు రిపోర్టు తీయండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండో) ‘powercfg /batteryreport’ అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) చూడండి. మొదటిది 50,000 ఉండి రెండోది 45,000 ఉంటే బ్యాటరీ బాగానే ఉంది. ఏ ప్రోగ్రామ్ తాగేస్తోందో టాస్క్ మేనేజర్‌లో వెతకండి. రెండోది 25,000కు పడిపోతే బ్యాటరీ మార్చాల్సిందే. రెండు నిమిషాల పని ఇది. ఇదీ చూడకుండా కొత్తది కొనేసిన వాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

60 లేదా 80 శాతం దగ్గర ఆగిపోతోందా? చాలావరకు అది జబ్బు కాదు. కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) ఛార్జింగ్ పరిమితి పెట్టి ఉంటుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే వాడేవారు దాన్ని ముట్టుకోకండి.

30 శాతం ఉండగానే ఆరిపోతోందా? మీటరు లెక్క తప్పి ఉండవచ్చు. నిండా ఎక్కించి, దానంతటది ఆరేదాకా వాడి, మళ్లీ ఆపకుండా నింపండి. అయినా మారకపోతే సెల్ పోయినట్టే.

ఇక టచ్‌ప్యాడ్ క్లిక్ పడకపోవడం. దీనికీ బ్యాటరీకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు, నాకూ తట్టలేదు. ఒక ల్యాప్‌టాప్‌లో ప్యాడ్ కింది అంచు రాయిలా బిగుసుకుపోయింది. ప్యాడ్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేశాను, లాభం లేదు. కొత్త ప్యాడ్ తెప్పించి, బోర్లించి అడుగు మూత విప్పాను. చివరి స్క్రూ వదలగానే మూత దానంతటదే పైకి లేచింది. కింద బ్యాటరీ మధ్య సెల్ పూరీలా పొంగి ఉంది. రిపోర్టు లెక్కలో మాత్రం డిజైన్ కెపాసిటీలో 84 శాతం ఉంది! రిపోర్టు ఛార్జ్‌ను లెక్కిస్తుంది, ఉబ్బును కాదు.

పాత లావు బ్యాటరీల్లో సెల్స్ స్టీలు గొట్టాల్లో ఉండేవి. సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఉన్నవి పల్చటి సంచులు. పరుపు మీద పెట్టి వాడిన వేడి, రోజుల తరబడి నూరు శాతం మీదే ఉంచడం, వీటితో లోపలి ద్రవం విరిగి వాయువు పుడుతుంది. చాలా మోడళ్లలో బ్యాటరీ టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది కనుక ఆ ఉబ్బు ముందు దాన్నే తన్నుతుంది.

అందుకే ప్యాడ్ మొరాయిస్తే ముందు ల్యాప్‌టాప్‌ను గాజు బల్ల మీద పెట్టి మూలలు నొక్కండి. ఊగుతోందా? అడుగు అంచు వెంట సందు విచ్చిందా? అయితే వెంటనే ఆపేసి ఛార్జర్ పీకేయండి. నొక్కి సమం చేయవద్దు, సూదితో గుచ్చవద్దు, జిగురుతో అంటిన బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పెకలించవద్దు. సంచి చిరిగితే నిప్పంటుకోవచ్చు. అలవాటు లేనివారు మెకానిక్‌కే వదిలేయండి. తీసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపవద్దు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు కూడా అదే చెబుతున్నాయి. ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి. ఆ ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వేశాక పాత టచ్‌ప్యాడే చక్కగా పనిచేసింది.

ఛార్జింగ్ ఐసీ (ఛార్జింగ్‌ను నియంత్రించే చిప్), మదర్‌బోర్డు పోవడం అరుదు. 65 వాట్లు కావాల్సిన చోట 45 వాట్ల అడాప్టర్ పెట్టి బోర్డు పోయిందనుకునేవారే ఎక్కువ. అడాప్టర్ మీద రాసిన అంకె చదవండి.