జాబితాలో పేరుండీ పడని ఇన్‌పుట్ సబ్సిడీ ఎలా వచ్చిందంటే

కృష్ణా డెల్టాలో కౌలుకు వరి చేస్తాను. తుఫానుకు పైరు నేలవాలింది. నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే ఇన్‌పుట్ సబ్సిడీ (పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) ఇస్తారు. మా చేను ఆ లెక్కలోకి వచ్చింది. జాబితాలో నా పేరుంది, డబ్బు మాత్రం పడలేదు.

రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ (ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే ఆన్‌లైన్ రికార్డు) తెరిపించాను. సర్వే నంబరు, విస్తీర్ణం, ఈకేవైసీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కౌలు కార్డు ఉండబట్టి సాగుదారుగా నా పేరే ఎక్కింది. ఆ కార్డుకు సంతకం పెట్టడానికి భూ యజమానులు జంకుతారు గానీ, కార్డు 11 నెలలకే, భూమి హక్కుకు సంబంధం లేదని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

తేడా బ్యాంకు దగ్గరుంది. ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు మనం రాసిచ్చిన ఖాతాకు కాదు, ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మన ఆధార్‌కు మ్యాప్ అయిన ఖాతాకు పోతుంది. ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆ మ్యాపింగ్ ఏ బ్యాంకుకు ఉందో) చూస్తే వేరే పాత బ్యాంకు పేరుంది. పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులతో ఇప్పటి శాఖకు వెళ్లాను.

"లింక్ అయ్యే ఉంది కదండీ" అన్నారు కౌంటర్లో.

ఇక్కడే చాలామంది వెనక్కి వచ్చేస్తారు. రాకండి. ఖాతాకు ఆధార్ లింకు వేరు, డీబీటీకి (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడటానికి) మ్యాపింగ్ వేరు. సీడింగ్ ఫారం అడిగి ఇచ్చి, రసీదు తీసుకోండి. స్టేటస్ మారాక మళ్లీ అర్జీ పెట్టాను, సొమ్ము జమయింది.

ఫసల్ బీమా (కేంద్రం పంటల బీమా) కట్టినవాళ్లు మరొకటి గుర్తుంచుకోండి: కోసి పనలమీదున్న వరి 14 రోజుల్లోపు అకాల వర్షానికి తడిస్తే, 72 గంటల్లో 14447కు ఫోన్ చేయాలి.