పుచ్చిన మామిడి దుంగతో లేత్ మీద గిన్నె చేయడం ఎలా?

సామిల్లులో ముందు పక్కకు నెట్టేసేవి పుచ్చిన దుంగలే. అడిగితే దాదాపు ఉచితంగా ఇచ్చేస్తారు. మామిడి దుంగైతే మరీ మంచిది. సగం పుచ్చిన మామిడిని కోస్తే ఒక్కోసారి లోపల నల్లటి సన్నగీతలు పటం గీసినట్టు కనిపిస్తాయి. హవాయిలో ఇలాంటి మామిడి గిన్నెలను ఏరి కొనుక్కుంటారు. అయితే ఈ పనిలో సగం కష్టం లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గరకు రాకముందే ఉంటుంది. ఏ దుంగను వదిలెయ్యాలో తెలుసుకోవడమే ఆ కష్టం.

గోటితో పరీక్ష

బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. గోరు దిగకపోతే కర్ర పనికొస్తుంది. చిన్న గుంట పడితే జిగురు తాగించి కాపాడుకోవచ్చు. గోరు వెన్నలోకి దిగినట్టు దిగినా, స్క్రూడ్రైవర్ మొనకు పొడి రాలినా ఆ భాగం కోసి పారెయ్యాలి. తర్వాత సుత్తితో తట్టి వినండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, గుల్లబారింది డొల్లగా పలుకుతుంది.

పుచ్చులో రెండు రకాలు తరచూ కనిపిస్తాయి. గోధుమరంగుకు తిరిగి, చిన్న చిన్న పలకలుగా పగిలి, వేళ్ల మధ్య నలిగిపోయేది ఒకటి. దాంట్లో కర్రకు బలమిచ్చే పీచును బూజు తినేసి ఉంటుంది. అది గిన్నెకు పనికిరాదు. తెల్లగా పాలిపోయి, మధ్యలో నల్లగీతలు ఉండేది రెండోది. ఆ గీతలు ఎక్కువగా రెండు బూజులు ఎదురుపడ్డచోట పొలాల మధ్య గట్టు వేసుకున్నట్టు ఏర్పడతాయి. మనకు కావలసింది ఇదే, అదీ గీతలు పడి ఇంకా గట్టిదనం పోని దశలో. ఇంకో రెండు వానలు తడిస్తే అది కూడా స్పాంజిలా అయిపోతుంది.

కాబట్టి తెచ్చిన వెంటనే ఆరబెట్టండి. కర్రలో తేమ 20 శాతం లోపుకు దిగితే బూజు తినడం ఆపేస్తుంది. కోసిన కొసలకు కరిగించిన మైనం పూసి, నీడలో ఇటుకల మీద పెడితే చాలు.

పగుళ్లు, అడుగు

దుంగ నడిమధ్య మూలుగు ఉన్న కర్రను తీసేయండి. పగుళ్లు ఎక్కువగా అక్కడినుంచే మొదలవుతాయి. అంచు నుంచి అంచుకు దాటిన పగులు ఉన్నా, చెట్టు వలయాల వెంట గుండ్రంగా విడిపోయినా ఆ ముక్క లేత్ ఎక్కకూడదు. కొమ్మ కణుపులు, పురుగు బొక్కలు, లోపలికి చొచ్చుకుపోయిన బెరడు ఉంటే పరవాలేదు.

గిన్నె అడుగు మాత్రం గట్టి కర్రలోనే రావాలి. చక్, అంటే ముక్కను బిగించి పట్టే లేత్ పళ్ల పట్టు, పట్టుకునేది అక్కడే. అడుగు మెత్తగా ఉంటే గట్టి చెక్క ముక్క ఒకటి ఫెవికాల్‌తో అతికించి, ఒక రోజంతా ఆరనిచ్చి, చక్‌ను ఆ ముక్కకే బిగించండి. నా మొదటి గిన్నెకు ఈ పని చేయలేదు. సగం తిరిగాక చక్ పళ్ల మధ్య చెక్క పొడైంది, గిన్నె వెళ్లి గోడకు కొట్టుకుంది. అప్పుడు నేను పక్కకు నిలబడి ఉండటం అదృష్టం.

ఎక్కించడం, వేగం

మొదటిసారి చక్ కంటే ఫేస్ ప్లేట్, అంటే స్క్రూలతో ముక్కకు బిగించే ఇనప పళ్లెం, మేలు. పొడవాటి స్క్రూలు గట్టి కర్రలోకి దిగాలి. ముక్కను ఎదుటి వైపు నుంచి నొక్కి పట్టే టెయిల్ స్టాక్ ఆనించి, వీలున్నంతసేపు అలాగే ఉంచండి. చేత్తో ఒక చుట్టు తిప్పి, ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌కు ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

వేగానికి ఒక లెక్క ఉంది. అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో (నిమిషానికి చుట్లు) గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. అంటే 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900. అది మంచి కర్రకు. పుచ్చిన కర్రను 300, 400 దగ్గర మొదలుపెట్టండి. బెల్టు మార్చే లేత్ అయితే మోటారు వైపు చిన్న పుల్లీ, గిన్నె వైపు పెద్ద పుల్లీ ఉండాలి. ముఖమంతా కప్పే షీల్డ్ వేసుకోండి. స్విచ్ వేసేటప్పుడు ముక్కకు ఎదురుగా నిలబడకండి. శబ్దం మారితే వెంటనే ఆపి చూడండి. కొత్త పగులును కంటికంటే చెవి ముందు పట్టేస్తుంది.

చెక్కడం

గాడి ఉలిని, అదే బౌల్ గౌజ్‌ను, మామూలుకంటే ఎక్కువసార్లు సానపట్టాలి. బయట అడుగు నుంచి అంచుకు, లోపల అంచు నుంచి అడుగుకు చెక్కండి. అలా అయితే ప్రతి పోగుకూ వెనక ఇంకో పోగు దన్నుగా ఉంటుంది. అయినా తిరిగే ప్రతి చుట్టులోనూ రెండుచోట్ల పోగుల కొసలు ఎదురవుతాయి, మెత్తటి కర్ర అక్కడే పీక్కుపోతుంది. లేత్ ఆపి, స్పిరిట్‌లో కరిగించిన లక్కను ముందు ఆ చోట పూయండి, తర్వాత పల్చటి ఫెవిక్విక్ లాంటి జిగురు తాగించండి. లక్క లేకుండా నేరుగా జిగురు పోస్తే చుట్టూ మరక పడుతుంది. పూర్తిగా ఆరాక సన్నటి కోతలతో దాటండి.

పగుళ్లలో కాఫీ పొడి కూరి పల్చటి జిగురు వేస్తే సహజమైన నల్లగీతలా కలిసిపోతుంది. చిన్న బొక్కలకు రంగు లక్క కడ్డీని కరిగించి నింపినా బాగుంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు రంగు అద్దేది కూడా లక్కే. గోడను 10 మిల్లీమీటర్ల కంటే పల్చన చేయకండి. పల్చటి గిన్నె గొప్ప చూపించుకోవడానికి ఈ కర్ర తగదు.

దుమ్ము

ఎగిరే ముక్క కంటే నాకు దుమ్మంటేనే ఎక్కువ భయం. అందులో బూజు బీజాలుంటాయి. పైగా మామిడిది జీడి కుటుంబం. కాయ సొనకు మూతి పొక్కేవాళ్లకు చెక్క పొడి కూడా పడకపోవచ్చు. చేతి రుమాలు చాలదు, ఎన్95 మాస్క్ అయినా పెట్టుకోండి.

శాండ్ పేపర్‌ను గట్టి చెక్క ముక్కకు చుట్టి, లేత్ ఆపి చేత్తో రుద్దండి. తిరుగుతుండగా రుద్దితే మెత్తటి భాగాలు ముందు అరిగి గుంటలు పడతాయి. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 320 దాకా వెళ్తే సరిపోతుంది.

నూనె

అవిసె నూనె పల్చగా మూడు నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనిచ్చి. మెత్తటి చోట్లు ఎక్కువ తాగి ముదురు రంగుకు తిరుగుతాయి. పెరుగూ పులుసూ పోసే గిన్నె కాదిది, తాళాలకో జీడిపప్పుకో సరి. నూనె అద్దిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి, తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. బయట తీగ మీద విడదీసి ఆరేయండి.