మడమ నొప్పికి స్టీల్ టూల్ మసాజ్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిదిద్దాలి

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద కలుక్కుమంటే చాలావరకు అది ప్లాంటర్ ఫేషియైటిస్, అంటే మడమ నుంచి వేళ్లదాకా అరికాలి కింద ఉండే గట్టి పొర నొప్పి. దీనికి అరికాలు, పిక్కల మీద స్టీల్ టూల్‌తో గీకుతూ చేసే ఐఏఎస్‌టీఎం (పరికరంతో కండరాలు, పొరలను రుద్దే పద్ధతి) మసాజ్‌లో ఫిజియోలకు తరచూ ఎదురయ్యే చిక్కులివి.

మర్నాటికి కమిలి నల్లబడింది
ఒత్తిడి ఎక్కువైంది, లేదా ఒకేచోట చాలాసేపు గీకారు. చర్మం కాస్త ఎర్రబడితే చాలు. రక్తపు చుక్కలు తేలేదాకా గీకితేనే గుణం కనిపిస్తుందనుకోవడం తప్పు. టూల్‌ను 30–60 డిగ్రీల వాలులో పట్టండి, ఒక్కోచోట నిమిషం దాటొద్దు, మడమ ఎముక అంచు మీదికి ఎక్కనివ్వొద్దు. నల్లమచ్చ పూర్తిగా పోయేదాకా అక్కడ ముట్టుకోకండి. తేలిగ్గా చేసినా కమిలిందంటే రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో అడగండి. వాడుతుంటే వారికి ఈ మసాజ్ వద్దు.

చర్మం గీరుకుపోయి మండుతోంది
వాజలీన్ చాలలేదు, లేదా టూల్ అంచుకు గంటు పడింది. అంచు మీదుగా దూది లాగండి. పోగు చిక్కుకుంటే ఆ టూల్ వాడకండి. టూల్ జారిపోతూ లోపలి బిగుతు చేతికి తెలియకపోతే వాజలీన్ ఎక్కువైనట్టు, తుడిచేయండి.

అరికాల్లో తిమ్మిరి, జివ్వుమనడం
చీలమండ లోపలివైపు గుబ్బ వెనక నుంచి టిబియల్ నరం వెళ్తుంది, టూల్ దానిమీద పడింది. ఆపి, అరికాలి మధ్యకు, పిక్కకు మారండి. ఆపాక కూడా తిమ్మిరి ఉంటే నరం నొక్కుకుపోతోందేమో పరీక్షించాలి.

రెండు రోజులకే నొప్పి మళ్లీ మొదటికొచ్చింది
ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఇదే. గీకితే లోపలి అతుకులు (పొరలు ఒకదానికొకటి అంటుకున్న చోట్లు) విరిగిపోతాయనే మాటకు గట్టి ఆధారం లేదు. మసాజ్‌తో నొప్పి కొంతసేపు తగ్గి, చీలమండ వదులవుతుంది. ఆ వెసులుబాటులోనే పాదానికి భారం అలవాటు చేయాలి. అది చేయించకుండా పేషెంటును పంపేస్తే మసాజ్ వృథా.

మసాజ్‌కు ముందు 5 నిమిషాలు నడిపించండి. మసాజ్ అవగానే పిక్కను 30 సెకన్ల చొప్పున 3 సార్లు సాగదీయించండి. తర్వాత మెట్టు అంచున నిలబెట్టి, వేళ్లు పైకి వంగేలా వాటి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మడమ ఎత్తించండి: 3 సెకన్లలో పైకి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో కిందికి. 12 సార్లు, రోజు విడిచి రోజు. ఒంటికాలితో చేయలేకపోతే మొదట రెండు కాళ్లతో. మసాజ్ మాత్రం వారానికి 2 సార్లు చాలు. వంటింట్లో గచ్చు మీద గంటలకొద్దీ వట్టికాళ్లతో నిలబడేవారికి ఇంట్లోనూ మెత్తటి చెప్పులు వేసుకోమనండి.

వారాలు గడిచినా మార్పు లేదు
మడమను రెండు పక్కల నుంచీ అరచేతులతో నొక్కండి. ప్రాణం లాగేస్తే ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. తొలి రోజుల ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని మసాజ్ కొనసాగించకుండా ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించమనండి. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. ఆ కాలిని అసలు రుద్దొద్దు, అప్పటికప్పుడే ఆస్పత్రికి పంపండి.