హైదరాబాద్‌లో ఒక గీక్ శని, ఆదివారాలు గడపడం ఎలా?

యంత్రాలు, సర్క్యూట్లు, నక్షత్రాలు, పాత సాంకేతిక పుస్తకాలు అంటే ప్రాణం పెట్టేవారు హైదరాబాద్‌కు వచ్చినప్పుడు ఏయే చోట్లు చూడాలన్న దానికంటే ముందు ఏ చోటు ఏ రోజున తెరిచి ఉంటుందో తేల్చుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. కోఠిలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే దుకాణాలు ఆదివారం దాదాపుగా తెరవరు. అబిడ్స్ పాత పుస్తకాల సంతేమో ఆదివారం మాత్రమే జరుగుతుంది. ఈ లెక్క తెలియక ఒక ఆదివారం కోఠికి వెళ్ళి, వరుసగా దించి ఉన్న షట్టర్లను చూసి తిరిగి వచ్చిన అనుభవం నాకుంది. అందుకే శని, ఆదివారాలు కలిసివచ్చేలా ప్రయాణం పెట్టుకోమని చెబుతాను.

శనివారం ఉదయం మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి, ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి చేరుకోండి. మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని ఎవరైనా చూపిస్తారు, చూడవలసినదే. అయితే పదకొండుంపావు దాటిన తరువాత ఏ గదిలో ఉన్నా బయలుదేరి, కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరుతో ఉన్న సంగీత గడియారం ముందు చోటు చూసుకోవాలి. గంట కొట్టే వేళకు గడియారంలోని చిన్న తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం పన్నెండుకు పన్నెండు దెబ్బలూ వినవచ్చు కాబట్టి ఆ వేళకు జనం కిక్కిరిసిపోతారు. అందరూ ఆ తలుపు వైపే చూస్తూ ఉంటే, మీరు మాత్రం క్షణానికొకసారి సమ్మెట వేస్తూ ఉండే కమ్మరి బొమ్మను గమనించండి. గంటకొకసారి కదిలే బొమ్మా, క్షణక్షణమూ కదిలే బొమ్మా ఒకే గడియారంలో పనిచేస్తున్నాయన్నదే అందులోని అసలైన వింత.

భోజనం చేసి కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళండి. ఇక్కడ ఒక నియమం తప్పనిసరి: ఏం తయారు చేయబోతున్నారో చెప్పకుండా, ఏం కావాలో కాగితంపై రాసుకుని వెళ్ళాలి. "రోబో చేద్దామనుకుంటున్నాను" అంటే రద్దీలో ఉన్న దుకాణదారు సమాధానం కూడా చెప్పడు. "అన్నా, టెన్ కె, క్వార్టర్ వాట్, ఒక యాభై, 7805 నాలుగు, 555 రెండు" (పది కిలో ఓముల పావు వాట్ రెసిస్టర్లు యాభై, అయిదు వోల్టులిచ్చే రెగ్యులేటర్ చిప్పులు నాలుగు, టైమర్ చిప్పులు రెండు) అంటే మాత్రం నిమిషంలో పొట్లం మీ చేతిలో ఉంటుంది. డబ్బు ఇచ్చే ముందు రెసిస్టర్లపై, అంటే కరెంటును అదుపు చేసే ఆ చిన్న ముక్కలపై, విలువను తెలిపే రంగు గీతలను ఒకసారి చదువుకోండి. పది కిలో ఓములకు గోధుమ, నలుపు, నారింజ, చివర బంగారు రంగు ఉండాలి. బంగారు గీత అంటే అయిదు శాతం అటూ ఇటూ అని అర్థం కాబట్టి మల్టీమీటరు 9.5 నుంచి 10.5 వరకు ఎంత చూపినా సరుకు మంచిదే. మైక్రోకంట్రోలర్ బోర్డు (ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న కంప్యూటర్ పలక) కొంటే అక్కడే ల్యాప్‌టాప్‌కు తగిలించి ఎల్ఈడీని వెలిగించి చూసుకోవాలి, ఎందుకంటే ఒకసారి గల్లీ దాటిన సరుకును వెనక్కి తీసుకునేవారు అరుదు. వందల్లో అయ్యే చిల్లర సామానుకు బేరమాడడం కంటే బిల్లు అడిగి పుచ్చుకోవడం మేలు.

ఆదివారం తెల్లవారాక తొందరపడనవసరం లేదు, పది గంటల వేళకు అబిడ్స్ చేరితే చాలు. ఆ రోజు దుకాణాలు మూసి ఉండడం వల్లనే వాటి ముందున్న ఫుట్‌పాత్‌లపై పుస్తకాలు పరచడానికి చోటు దొరుకుతుంది. గణితం, భౌతికశాస్త్రం, యంత్రశాస్త్రం పుస్తకాల పాత ముద్రణలను నిస్సంకోచంగా కొనవచ్చు. ప్రోగ్రామింగ్ పుస్తకాలకు మాత్రం ముద్రణ సంవత్సరం చూడకుండా డబ్బు తీయకండి. మధ్యలో పేజీలు చిరిగి ఉన్నాయేమో, చివరి సమాధానాల భాగం ఉందో లేదో తిరగేసి చూసుకోవాలి. పాత రేడియోలు, కెమెరాలు, విప్పిచూడడానికి పనికివచ్చే ఏవో పెట్టెలు కావాలనుకునేవారు అదే రోజు ఎర్రగడ్డ సంతకు వెళ్ళవచ్చు గానీ, రెండూ ఒకే పూటలో పెట్టుకుంటే ఏదీ తృప్తిగా సాగదు.

మధ్యాహ్నం నౌబత్ పహాడ్ మీద ఉన్న బిర్లా ప్లానెటేరియానికి కేటాయించండి. 1985లో ప్రారంభమైన ఈ ప్లానెటేరియంలో తెలుగులోనూ ప్రదర్శనలు ఉంటాయి. పక్కనే ఉన్న సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికినందువల్ల మన ఊరి పేరు శాస్త్రీయ నామంలోకి ఎక్కింది. తవ్వకాల్లో ఒకటి కాదు, కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికినా, తల భాగానికి వచ్చేసరికి రెండు పళ్ళు తప్ప మరేమీ దొరకలేదు. అందువల్ల మెడ చివర మీకు కనిపించే పుర్రె శాస్త్రవేత్తల అంచనా మేరకు తయారు చేసి అమర్చినదే. పిల్లలతో వచ్చినవారు ఈ సంగతి చెబితే వాళ్ళు ఆ తలను ఇంకాస్త సేపు చూస్తారు.

సోమవారం కూడా ఉండే వీలుంటే, కంప్యూటర్ సామాను కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళండి. ప్యారడైజ్ మెట్రో స్టేషన్ దానికి దగ్గర. ఒకే భాగానికి మూడు నాలుగు దుకాణాల్లో ధర రాయించుకుని, వారంటీ కంపెనీదా, దుకాణానిదా అని అడిగి తెలుసుకున్నాకే కొనాలి. అటునుంచి బేగంపేట వైపు వెళ్ళేవారు, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించింది సికింద్రాబాద్‌లోనేనని, ఆ పరిశోధనకు గుర్తుగా అక్కడొక భవనం ఇప్పటికీ ఉందని తలచుకోవచ్చు.

విమానంలో తిరిగి వెళ్ళేవారు సామాను సర్దేటప్పుడు పవర్‌బ్యాంకులను, విడి లిథియం సెల్లులను చేతి సంచిలోనే పెట్టుకోవాలి, సెల్లుల కొసలకు టేపు అంటించాలి. సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు చెక్-ఇన్ పెట్టెలో వేయండి. కోఠి పొట్లాలను విప్పకుండా, బిల్లుతో సహా ఒకే డబ్బాలో ఉంచితే తనిఖీ దగ్గర వివరించడం తేలికవుతుంది.