బీచ్‌లో పెళ్లా? పెళ్లికొడుకు బట్టలు ఇలా కుట్టించండి

భీమిలి రోడ్డు మీద రిసార్ట్ బుక్ చేస్తారు, లేదంటే గోవా అనుకుంటారు, డెకరేషన్ దగ్గర్నుంచి డ్రోన్ దాకా అన్నీ మాట్లాడేస్తారు, పెళ్లికొడుకు బట్టలు మాత్రం ఏసీ ఫంక్షన్ హాల్‌ని మనసులో పెట్టుకునే కొంటారు. షోరూమ్‌లో పది నిమిషాలు వేసుకుని చూస్తే ఏ షేర్వాణీ అయినా హాయిగానే ఉంటుంది. సముద్రం ఒడ్డున ఎండకన్నా ఉక్కతోనే ఎక్కువ బాధ. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, అది ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

అలాగని టీషర్టుతో పీటల మీద కూర్చోమని కాదు. దర్జా అంతా పైకి కనిపించే కటింగ్‌లో, అంచులో ఉంటుంది. ఉడకబెట్టేది లోపల కనపడని సరుకు. తీయించాల్సింది దాన్నే.

సూటైనా, మెడ దాకా గుండీలుండే బంద్‌గలా కోటైనా ముందు తిరగేసి చూడండి. లోపల జారుడుగా మెరిసేది చాలావరకు పాలిస్టర్ లైనింగే, గాలి ఆడనివ్వదు. భుజాలకీ చేతులకీ మాత్రం లైనింగ్ వేసి వీపు వదిలేయమని టైలర్‌కి చెప్పండి, వేసే ఆ కాస్తా విస్కోస్‌దో కాటన్‌దో వేయమనండి. లైనింగ్ తగ్గింది కదా, కూలి కూడా తగ్గుతుందనుకుంటే పొరపాటే. లోపలి కుట్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి వాటికి విడిగా పైపింగ్ చేయాలి, అంటే అంచులకి సన్నటి గుడ్డ పట్టీ కుట్టాలి, అది ఓపికతో చేసే పని. భుజాల ప్యాడింగ్ పల్చగా చాలు.

గుడ్డ కొనేటప్పుడు వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, నేత సందుల్లోంచి కాస్తయినా వెలుగు కనిపించాలి. లినెన్ హాయిగానే ఉంటుంది కానీ కూర్చుని లేస్తే ముడతలే, పిడికిట్లో నలిపి వదిలితే మీకే తెలుస్తుంది. లినెన్, కాటన్ కలిసిన గుడ్డ నయం. ఉన్ని అనగానే భయపడకండి, చదరపు మీటరుకి 250 గ్రాముల లోపు ఉండే ట్రాపికల్ ఉన్ని పల్చగా ఉండి మడత నిలబెడుతుంది. వెల్వెట్ వైపు మాత్రం చూడొద్దు. రంగుల్లో లేత బూడిద, లేత నీలం మీద చంకల దగ్గర తడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపు, క్రీమ్, బాగా ముదురు నీలం దాన్ని దాచేస్తాయి.

ముహూర్తానికి అయితే మనకి అసలు దిగులే అక్కర్లేదు. చాలా ఇళ్లల్లో మధుపర్కాలు ఎలాగూ కట్టిస్తారు, ఎర్రంచు తెల్ల నూలు బట్ట, ఉక్కకి అంతకన్నా మంచిది దొరకదు. మిగతా తంతుకి కూడా పట్టే కట్టాలని పెద్దవాళ్లు పట్టుబట్టకపోతే మంగళగిరి నిజాం అంచు పంచె, లేదా పొందూరు ఖద్దరు చూడండి. చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన ఆ సన్న నూలు ఒంటి మీద ఉందో లేదో అన్నట్టుంటుంది. లాల్చీ చంకల దగ్గర వదులుగా కుట్టించండి. ట్రయల్‌లో నిలబడి అద్దం చూసుకుంటే సరిపోదు, బాసిపట్టు వేసుకుని కూర్చుని, మూడు ముళ్లు వేస్తున్నట్టు చేతులు చాపి చూడండి.

ఇక గాలి. ఎండెక్కేకొద్దీ అది సముద్రం మీద నుంచి ఒడ్డుకి జోరుగా వీస్తుంది, పంచె తెరచాపలా లేస్తుంది. లోపల బెల్టు పెట్టి, కుచ్చిళ్లు చీలమండకి ఒక అంగుళం పైకే ఉంచండి, లేకపోతే అంచు ఇసుకంతా ఊడ్చేస్తుంది. కండువాకి భుజం మీద లోపలివైపు నుంచి పిన్ను పెట్టండి. హోమం దగ్గర కూర్చున్నప్పుడు కండువా తీసి నడుముకి బిగించి కట్టాలి, ఇది తప్పనిసరి. పాలిస్టర్ కండువా అయితే అసలు వద్దు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఇంకోటి, జీలకర్ర బెల్లం తల మీద పెట్టాక చెమటతో కలిసి చెవి పక్కనుంచి మెడ మీదికి జారుతుంది. పక్కన తోడుపెళ్లికొడుకు చేతిలో నూలు తువ్వాలు ఉండాలి. టిష్యూ పేపర్ అయితే చిరిగి బుగ్గకి అంటుకుని ఫొటోల్లో పడుతుంది.

చెప్పులెలాగూ మండపం బయటే. లేసుల షూస్ వద్దు, మాటిమాటికీ వంగాలి. లోఫర్లో, కొల్హాపురి చెప్పులో చాలు. మిట్టమధ్యాహ్నం ఇసుక కాలిపోతుంది కాబట్టి మండపం దాకా చాప పరిపించండి.

కోటు మోజుంటే సాయంత్రం రిసెప్షన్‌కి పెట్టుకోండి. డిసెంబర్‌లో విశాఖలో అయిదున్నర ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది, గోవాలో ఆరింటి ప్రాంతంలో. సముద్రంలోకి దిగే సూర్యుడితో ఫొటో కావాలంటే గోవాలోనే కుదురుతుంది, విశాఖలో అలాంటి ఫొటోకి తెల్లవారుజామున లేవాలి. ఏ ఊరైనా కోటు తొడుక్కునేది ఫొటోగ్రాఫర్ రెడీ అన్నాకే, అప్పటిదాకా హ్యాంగర్‌కే ఉండనివ్వండి.

బనియన్లు రెండు మూడు ఎక్కువ పెట్టుకోండి, నూలువే, చేతులున్నవి. పెళ్లయ్యాక చెమట పట్టిన పట్టు బట్టల్ని అలాగే సూట్‌కేస్‌లో కుక్కకుండా నీడలో ఆరేయండి, జరీ నల్లబడకముందే డ్రైక్లీనింగ్‌కి పంపండి.