ఆన్‌లైన్ హాబీ షాపు, 4వ పాఠం: స్టాకు మైనస్‌లోకి వెళ్లాక

మూడో పాఠం చివర ఒక పని చెప్పాను. షెల్ఫ్‌లో ఉన్న సరుకు లెక్కపెట్టి, సైట్‌లో కనిపించే సంఖ్యతో పోల్చి చూడమన్నాను. చాలామంది లెక్క బాగానే పెట్టారు, పోల్చారు కూడా. అక్కడితో ఆగలేదు. సైట్‌లో 5 ఉంది, షెల్ఫ్‌లో చూస్తే 8 ఉన్నాయి. "అరె, మూడు తక్కువ చూపిస్తోందే" అని 5 కొట్టేసి 8 ఎక్కించారు. రెండు రోజులు తిరక్కముందే లేని సరుకు అమ్ముడుపోయింది. కూకట్‌పల్లి నుంచి రాసిన ఒకాయన మూడు సర్వో మోటర్ల (బొమ్మ కార్లు, రోబోల్లో వాడే చిన్న మోటర్లు) కోసం కోఠీ గుజరాతీ గల్లీకి పరుగెత్తి, తాను అమ్మిన ధరకంటే ఎక్కువ పెట్టి కొని పంపారట. నష్టం కంటే టెన్షనే ఎక్కువైందని రాశారు.

పోల్చమన్నాను, దిద్దమనలేదు. సరే, బ్యాక్ ఆర్డర్లలోకి, అంటే సరుకు చేతిలో లేకపోయినా ముందే తీసుకునే ఆర్డర్లలోకి, వెళ్లేముందు దీన్ని తేల్చేద్దాం. ఇది తేలితే సగం పాఠం అయిపోయినట్టే.

తేడా వచ్చిన ఆ మూడూ ఎవరివి? డబ్బు కట్టేసి, పార్సెల్ కోసం చూస్తున్న ముగ్గురివి. మీరింకా ప్యాక్ చేయలేదు కాబట్టి షెల్ఫ్‌లోనే ఉన్నాయి. మన సైట్‌లో షాపు నడిపే సాఫ్ట్‌వేర్ వూకామర్స్‌లో ఆర్డరు 'ప్రాసెసింగ్'లోకి రాగానే సంఖ్య తగ్గిపోతుంది. కొరియర్ అబ్బాయి బండెక్కించుకునే దాకా ఆగదు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరుకీ అంతే. అంటే మీ షెల్ఫ్ మీద ఎన్ని డబ్బాలున్నాయో సైట్ చెప్పడం లేదు. కొత్తగా వచ్చేవాళ్లకి ఇంకా ఎన్ని ఇస్తామని మాట ఇవ్వగలరో చెబుతోంది. లెక్క ఇలా ఉండాలి:

సైట్ సంఖ్య = షెల్ఫ్ మీద అమ్మదగ్గ డబ్బాలు − మాట ఇచ్చి ఇంకా పంపనివి.

8 − 3 = 5. సైట్ కరెక్టుగానే ఉంది. ఈ లెక్క కుదరనప్పుడే దిద్దాలి. 'అమ్మదగ్గ' అన్న మాట మామూలు కిరాణా సరుకుకి అంత పట్టింపు కాదు కానీ మన వ్యాపారంలో చాలా ముఖ్యం. స్కేల్ మోడల్ (ట్యాంకు, విమానం లాంటివాటి చిన్న నమూనా) కొనేవాళ్లలో చాలామంది అట్టపెట్టెను కూడా దాచుకుంటారు. మూల నొక్కుకుపోయిన పెట్టెను నేనైతే లెక్కలోంచి తీసేసి, ఫొటో పెట్టి, ధర తగ్గించి వేరే ఐటమ్‌గా అమ్ముతాను.

పేమెంట్ పేజీలో ఆగిపోయిన ఆర్డర్ల గురించి కొందరు అడిగారు. యూపీఐ తెరిచి, ఆలోచించుకుంటూ కూర్చున్నవాళ్ల కోసం కూడా సరుకు కాసేపు పక్కన ఉంటుంది. మామూలు సెట్టింగ్ 60 నిమిషాలు. నేను 15కి తగ్గిస్తాను. పావుగంటలో కట్టనివాళ్లు కట్టరు.

ఇప్పుడు బ్యాక్ ఆర్డర్లు. ఆప్షన్ ఎక్కడుందో చెప్పను, ప్రోడక్ట్ పేజీలో ఇన్వెంటరీ ట్యాబ్ తెరిచినవాళ్లకి కనిపిస్తుంది. స్టాక్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి ఉంటే మూడు దారులు చూపిస్తుంది: 'ఒప్పుకోవద్దు', 'ఒప్పుకో, కానీ కస్టమర్‌కి చెప్పు', 'ఒప్పుకో'. మూడోదాన్ని ముట్టుకోకండి. సరుకు లేదని కొనేవాడికి చెప్పకుండా డబ్బు తీసుకునే పద్ధతి అది. రెండోదే వాడండి.

రెండోది ఆన్ చేశాక సరుకు సున్నాకి వచ్చినా ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. సంఖ్య −1, −2 అని దిగుతూ పోతుంది. ఇక్కడే నాకు ఒళ్లు మండే పొరపాటు ఒకటి ఉంది. దాని మీద కాస్త ఎక్కువ సేపే ఆగుతాను, ఓపిక పట్టండి.

1:35 స్కేల్ (అసలు దానిలో 35వ వంతు సైజు) టామియా కంపెనీ ట్యాంకు కిట్ ఒకటి అనుకోండి. సైట్‌లో −4. ముంబై డిస్ట్రిబ్యూటర్ నుంచి పెట్టె వచ్చింది, లోపల 10 కిట్లు. మీరు కంప్యూటర్ ముందు కూర్చుని ఏం టైప్ చేస్తారు?

పది అని టైప్ చేశారా? అయితే నలుగురి పేర్లు తుడిచేశారు. సైట్ వెంటనే 'స్టాక్ ఉంది' అంటుంది, వచ్చినవాడికల్లా అమ్ముతుంది. సాయంత్రానికి పదీ కొత్తవాళ్లు కొనేస్తారు. మూడు వారాల క్రితం డబ్బు కట్టిన నలుగురూ "అన్నా, నా కిట్ ఏమైంది? సైట్‌లో స్టాక్ చూపించింది కదా" అని వాట్సాప్‌లో అడుగుతారు. వాళ్లకి ఏ సమాధానమూ చెప్పలేరు, ఎందుకంటే వాళ్లు చూసింది నిజమే.

టైప్ చేయాల్సింది 6. −4కి 10 కలిపితే 6. ఆ మైనస్ నాలుగు మీ అప్పు. వచ్చిన సరుకు ముందు అప్పుకి జమ కావాలి, మిగిలిందే అమ్మకానికి.

మూడే వచ్చాయనుకోండి. −4 + 3 = −1. సైట్ ఇంకా 'బ్యాక్ ఆర్డర్' అనే చెబుతుంది, చేతిలో మూడు కిట్లు కనిపిస్తున్నా సరే. అది తప్పు కాదు, దాన్ని దిద్దకండి. ఆ మూడూ ముందు డబ్బు కట్టిన ముగ్గురికి వెళతాయి. వరసలో నాలుగోవాడు "అర్జెంట్ అన్నా, తమ్ముడి బర్త్‌డే" అన్నా వరస మారదు. పేమెంట్ పడిన టైమ్ చూడండి, ఎవరు ఎన్ని మెసేజ్‌లు పెట్టారో చూడకండి. సరిగ్గా నాలుగే వస్తే సైట్‌లో సున్నా ఉండాలి. సున్నా చూసి కంగారుపడి 4 అని ఎక్కించేవాళ్లని కూడా చూశాను.

పోయినవారం 5ని 8 చేసినవాళ్లూ, −4ని 10 చేసేవాళ్లూ ఒకే పని చేస్తున్నారు. షెల్ఫ్ మీద కనిపించిన అంకెను తెచ్చి సైట్‌లో రాసేస్తున్నారు. అందుకే నా దగ్గర పనిచేసే పిల్లలకి సంఖ్య మీద సంఖ్య రాయొద్దని, కూడడమో తీసేయడమో మాత్రమే చేయమని చెబుతాను. దానికి దగ్గరి దారి ఒకటుంది. ప్రోడక్ట్ లిస్టులో ఐటమ్‌ని టిక్ చేసి బల్క్ ఎడిట్ తెరిస్తే, స్టాక్ దగ్గర 'ఇంత పెంచు', 'ఇంత తగ్గించు' అనే ఆప్షన్లు ఉంటాయి. 10 పెంచు అంటే చాలు, −4తో కూడిక అదే చేసుకుంటుంది. ఒక్క ఐటమ్ అయినా నేను బల్క్ ఎడిట్‌లోంచే చేస్తాను. ఎక్సెల్ షీట్ అప్‌లోడ్ చేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. స్టాక్ కాలమ్ ఉన్న పాత షీట్ ఎక్కిస్తే ఒక్క నొక్కుతో షాపు మొత్తం అప్పులు మాయమైపోతాయి. పెయింట్ సీసాల్లాంటి వాటికి ఏ రంగుకి ఆ రంగు లెక్క విడిగా ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి. ఎరుపు −2లో ఉంటే నలుపుకి వచ్చిన సరుకు దానికి సాయపడదు.

ఇక తేదీ. "త్వరలో వస్తుంది" అని రాస్తే బ్యాక్ ఆర్డర్ తీసుకోకండి, అంతే. డిస్ట్రిబ్యూటర్‌ని ఒకటే అడగండి: సరుకు మీ గోడౌన్‌లో ఉందా, దారిలో ఉందా, ఫ్యాక్టరీ ఇంకా చేయాలా? కిట్ల తయారీదార్లు అన్ని మోడళ్లనూ ఏడాది పొడుగునా చేయరు. అచ్చు ఎక్కించి ఒక విడత తీస్తారు, మళ్లీ ఎక్కించేది ఎప్పుడో వాళ్ల ఇష్టం. "ఆర్డర్ పెట్టేశాం సార్" అని డిస్ట్రిబ్యూటర్ అంటే కిట్ తయారైందని కాదు. మూడో జవాబు వస్తే బ్యాక్ ఆర్డర్ మూసేసి, వచ్చినప్పుడు చెప్పమనేవాళ్ల ఈమెయిళ్లు మాత్రం తీసుకుంటాను. చైనా సరుకైతే జనవరి, ఫిబ్రవరిల్లో వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు, అక్టోబరు మొదటి వారం సెలవులు కలుపుకోండి. జపాన్ సరుకైతే ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా, ఆగస్టు మధ్యలో. మనకి సంక్రాంతి వారం. సొంతంగా దిగుమతి చేసుకునేవాళ్లు శంషాబాద్ కార్గోలో క్లియరెన్స్‌కి పట్టే రోజులు కూడా కలపండి.

తేదీ రాస్తే అది చట్టం ముందు మాట కూడా. 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి సరుకు చేరితే కస్టమర్ వెనక్కిస్తానంటే సొంత సైట్‌లో అమ్మే షాపు కాదనకూడదు. మన చేతిలో లేని విపత్తు అయితే తప్ప. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. డిస్ట్రిబ్యూటర్ 20న అంటే సైట్‌లో నెలాఖరు అని రాసేది ఇందుకే.

అడ్వాన్స్ మీద జీఎస్టీ గురించి అడిగినవాళ్లకి: కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకి ఉన్న జీఎస్టీ పథకం) లేనివాళ్లు సరుకు అడ్వాన్స్ మీద పన్ను అప్పుడే కట్టక్కర్లేదు, 2017 నవంబరు 15 నుంచి ఇదే పద్ధతి. పన్ను ఇన్‌వాయిస్ వేసినప్పుడు. మిగతాది మీ ఆడిటర్ చెబుతారు.

లైపో బ్యాటరీలకీ (ఇవీ లిథియం అయాన్ రకమే), స్ప్రే క్యాన్లకీ బ్యాక్ ఆర్డర్ అసలు పెట్టను. విడి లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో పంపకూడదు. కార్గో విమానంలోనైనా చార్జింగ్ 30 శాతం మించకూడదు. రోడ్డు మీద వచ్చే సరుకుకి నేను తేదీ రాయలేను. క్యాష్ ఆన్ డెలివరీలో కూడా బ్యాక్ ఆర్డర్ వద్దు. నెల తర్వాత పార్సెల్ వెళ్లేసరికి కొనాలన్న ఆసక్తి ఉండదు, తలుపు దగ్గరే వెనక్కి పంపేస్తారు.

ఉన్న సరుకు, లేని సరుకు కలిపి ఒకే ఆర్డరులో వస్తే ఉన్నది ముందు పంపేయండి, రెండో కొరియర్ ఖర్చు మీరే పెట్టుకోండి. కొందరు ఒప్పుకోరు. వాళ్ల షాపు వాళ్లిష్టం.

అభ్యాసం. కాగితం మీద చేయండి, సైట్ మీద కాదు. 1:72 విమానం కిట్, షెల్ఫ్ మీద 7, సైట్‌లో 5. బ్యాక్ ఆర్డర్ ఆన్‌లో ఉంది. వారంలో తొమ్మిదిమంది తలా ఒకటి ఆర్డర్ చేసి డబ్బు కట్టారు. షెల్ఫ్ మీదున్న 7 ప్యాక్ చేసి పంపేశారు. ఎదురుచూస్తున్నవాళ్లలో ఒకరు రద్దు చేసుకున్నారు. డిస్ట్రిబ్యూటర్‌కి 12 చెప్తే 11 వచ్చాయి, అందులో ఒక పెట్టె నొక్కుకుపోయింది. అదే రోజు, పాత క్యాష్ ఆన్ డెలివరీ పార్సెల్ ఒకటి తిరిగొచ్చింది, పెట్టె బాగానే ఉంది. ఒక్కో సంఘటన తర్వాత షెల్ఫ్, సైట్, మాట ఇచ్చి పంపనివి, మూడు సంఖ్యలూ మూడు నిలువు వరసల్లో రాయండి. ప్రతి అడ్డ వరసలోనూ పైన రాసిన లెక్క కుదరాలి. చివరి వరస ఒక్కటే పంపేవాళ్ల కాగితం నేను చూడను.

జవాబు అయిదో పాఠంలో. ఆ పాఠం రిటర్నుల మీద.